పత్తి గదిలో కూత

అయిజ, ఆదివారం రాత్రి, 2007

నేను చెబుతున్నాను, మనవరాలు సునీత రాస్తోంది.

నేను పడుకునే గదిలోనే పత్తి పోశారు. అక్కడ చుట్ట కాలుస్తానని కోడలికి అనుమానం. నేను కాల్చేది వాకిట్లోనే. అయినా సునీత ఇంజనీరింగ్ కాలేజీ ప్రాజెక్టుకు చేసిన బొమ్మ కారును కోడలు గదిలో పెట్టించింది. దాని ముందున్న సెన్సరుకు మంట కనబడితే కూత పెడుతుంది. సాయంత్రం కూసింది. నా చేతిలో చుట్ట లేదు.

"నా నోరు వాసన చూడు కొడకా" అన్నాను.

"మిషన్ అబద్ధం చెప్తదా అమ్మా?" అంటూ కొడుకు నా పక్కబట్టలు గొడ్ల కొట్టంలో వేశాడు.

"గొడ్లకు గూడ చుట్ట అలవాటైతది తియ్" అని కోడలు నవ్వింది.

ఇందాక కొట్టంలోకి వచ్చి సునీత మెల్లగా చెప్పింది. "పడమటి కిటికీలకెల్లి ఎండ పడ్డది అవ్వా. అది ఎండకు గూడ మొత్తుకుంటది."

"తెల్సి నోరు మూసుకున్నవా?"

"చెప్తే నా ప్రాజెక్టు పనికిరాదంటరు."

ఆ మాట కూడా రాయమన్నాను. పెన్ను ఆగింది. ఏడుపు తర్వాత, ముందు రాయి సునీతా. ఏ మాట మింగుతావో చూసుకోవడానికి నాకు చదువు రాదు. అందుకే రేపు మీ నాయన ముందు దీన్ని పైకి చదువుతావు. చదువుతున్నంతసేపూ నేను నీ మొహమే చూస్తుంటాను.