మూడో వెర్షన్‌లో బాపు

1996 జూన్ 3, సోమవారం. కరీంనగర్.
తప్పెక్కడో మళ్లీ తేలలేదు. గనిలోకి ఎవరు దిగారు, పైకి ఎవరు వచ్చారు — నా ప్రోగ్రాం చెప్పాల్సింది ఇంతే. కానీ ఆ మహాతల్లి ఒంటరిగా నడవదు. టైం చూడటానికి బయటి కంపెనీ చేసిన యాడ్-ఆన్ అనే చిన్న ప్రోగ్రాం తోడుండాలి. మూడు గనుల్లో దాని వెర్షన్లు మూడు రకాలు. ఒకటి, రెండు బాగానే ఉన్నాయి. మూడో గనిలోది మాత్రం... ఒకే రోజు రెండోసారి దిగిన మనిషిని పైనే ఉన్నట్టు చూపిస్తోంది.

జూన్ 5
మూడుకు సరిచేశాను. రెండు చెడింది. మళ్లీ పాతదే పెట్టాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

జూన్ 6
అన్ని చోట్లా ఒకే వెర్షన్ పెడదామన్నాను. మా కంప్యూటర్ సెంటర్ సారు కసురుకున్నారు. "గా మూడో గనిల వేరే ప్రోగ్రాములు దానిమీదనే నడుస్తున్నయి. ముట్టకు." రెండుసార్లు దిగేటోళ్లు ఎందరుంటరు, గింత దానికి పరేషానా... అని కూడా.
ఒక్కరుంటే చాలదా? ఆదివారం పంపు చూసే ఖలాసీ రెండుసార్లు దిగుతాడు. మూడో గనిలో ఆ ఖలాసీ మా బాపు.

జూన్ 7
ఇవాళా అంతే. సారు ఆ తప్పుతోనే ఫ్లాపీలు గనులకు పంపించేశారు.

జూన్ 8. మందమర్రి.
ఇంటికొచ్చాను. బిళ్ళల బోర్డు తీసేశారట. బిళ్ళ వేలాడుతుంటే మనిషి లోపలున్నట్టు — ఇన్నేళ్లూ అదే లెక్క. ఇక అంతా స్క్రీనే. అది నా పనేనని బాపు కాలనీ అంతా చాటుకున్నాడు. రేపు దిగొద్దన్నాను. "నా బిడ్డ చేసిందే గదా. నాకేం ఫికర్?" ఏడుపొచ్చింది. అన్నం సహించలేదు.

జూన్ 9, ఆదివారం. గని గేటు.
బాపు పొద్దున దిగి వచ్చాడు. ఇంట్లో తిన్నాడు. రెండింటికి మళ్లీ దిగాడు... నేను చేయి పట్టుకున్నా ఆగలేదు. నాలుగింటికి లోపలికి గాలి పంపే ఫ్యాను రిపేరుకు ఆపుతారు. లోపల ఎవరూ లేరని స్క్రీను చూసుకుని.
స్క్రీను మీద ఎవరూ లేరు.
హాజరు గుమాస్తాకు చెప్పాను — మా బాపు లోపలున్నాడు, నా ప్రోగ్రాం తప్పు అని. "కంప్యూటర్ లేడంటుంటే నువ్వు ఉన్నడంటవేందమ్మా? ఆఫీసర్ సాబ్‌ను రానీ." ఆ సాబ్ జీపు వేసుకుని ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. ఫ్యాను గది వైపు వాచ్‌మన్ పోనివ్వలేదు.
మూడున్నర దాటింది. ఫ్యాను మోత ఇక్కడికి వినిపిస్తోంది. ఇంకా తిరుగుతూనే ఉంది...