ఫోన్‌లో పలికిన బల్లి

శుక్రవారం రాత్రి

పోయిన వారం చిత్తూరు నుంచి మా అమ్మాయి సరళ ఫోన్ చేసి, "ఈ తూరి కడుపు కూడా నిలవదేమో అనిపిస్తా ఉండాదిమా" అంది. ఆ మాట వెంటనే ఫోన్‌లో టక్కుమని బల్లి పలికింది. బల్లి పలికిన మాట జరిగి తీరుతుంది కదా. నా బిడ్డకు ఇప్పటికే రెండుసార్లు పోయింది. అప్పటినుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

ఈ పొద్దు మా పెద్దోడికి చెప్పాను. ఇక్కడి కొత్త టెలిఫోన్ ఎక్స్ఛేంజిలోనే కదా వాడి పని. పడీపడీ నవ్వాడు.

"బల్లి కాదుమా! కొత్త మిషను మాటను ముక్కలు చేసి పంపుతాది. ఆ పక్క మిషను గడియారం, ఈ పక్క మిషను గడియారం ఒకటిగా నడవాల. మనది రవ్వంత వెనకబడితే ఒక ముక్క జారిపోయి టక్కుమంటాది. నిన్ననే మనదాన్ని పెద్ద ఎక్స్ఛేంజి గడియారం వెంబడి నడిచేట్టు చేసినాము."

"ఆ పెద్దదానికి టైము ఎవురు చెప్తార్రా?"

"దానికంటే పెద్దది."

"దానికి?"

"నువ్వే పోయి చెప్పుమా, భయపడి సరిగ్గా నడుస్తాది!"

ముక్కలైన మాట మళ్ళీ సరళ గొంతులాగే ఎలా అతుక్కుంటుందో నాకింకా వింతగానే ఉంది. జారిపోయిన ముక్క ఎక్కడికి పోతుందో వాడూ చెప్పలేదు.

సాయంత్రం సరళ ఫోన్ చేసింది. "డాక్టరమ్మ చూసిందిమా. బిడ్డ బాగుండాదంట."

ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని విన్నాను. ఏ చప్పుడూ లేదు. ఇంత మంచి మాటకు బల్లి పలకకపోతే ఎలా? నేనే నాలుకతో టక్కుమన్నాను.

"ఏందిమా, లైను మళ్ళీ పాడైందా?"

"లేదులేమా, బాగుండాది" అన్నాను. మనిషి పలికిన బల్లికి ఫలితం ఉంటుందో, ఉండదో.