బోర్డు పట్టుకునే చెయ్యి

నాయనా,

మొన్న నీ సంవత్సరీకం అయిపోయింది. బంధువులు వెళ్ళిపోయాక మళ్ళీ మన రేడియో షాపు తెరిచాను. ఒళ్ళంతా ఒకటే అలసట.

నువ్వు లెడ్డు తీగను పళ్ళ మధ్య, రేడియో బోర్డును ఒక చేత్తో పట్టుకుని సోల్డరింగ్ చేసేవాడివి. డిగ్రీ చదివినా నీ కూతురికది చేతకాలేదు. ఒక చేతిలో కాలే సోల్డరింగ్ ఐరన్, ఇంకో చేతిలో తీగ ఉంటే బోర్డు పట్టుకోవడానికి మనిషి కావాలి. అందుకే ఏడాదిగా అమ్మే రోజూ వచ్చి పట్టుకుంటోంది. నిన్న ఆమె వేలు కాలింది.

ఈరోజు పొద్దున లావుపాటి రాగితీగను వంచి, రెండు కొసలకూ క్లిప్పులు బిగించి, పాత స్పీకరు అయస్కాంతానికి చుట్టి నిలబెట్టాను. క్లిప్పుల మధ్య బోర్డు బిగిస్తే, ఆ బరువుకు అంగుళం కూడా కదల్లేదు.

"ఇంగ నువ్వు రావాల్సిన పన్లేదుమా. ఇంటికాడ పండుకో," అన్నాను.

అమ్మ వంగి చూసింది.

"బాగుండాది మే. మీ నాయన పండ్లకంటే గట్టిగా పట్టుకోనుండాది," అని నవ్వింది. క్లిప్పుల్ని తడిమి, "అయితే రేపట్నించి నేను ఆ ఇంట్లో ఒక్కదాన్నే గోడల్ని సూస్తా కూసోవాల్నా?" అంది.

ఆమె కాలిన వేలికి గుడ్డముక్క చుట్టాను. క్లిప్పులు విప్పి, బోర్డు మళ్ళీ ఆమె చేతికే ఇచ్చాను.