ఓటు రోజు గడి

ఫీనిక్స్, 1994 మే, ఆదివారం

తన కొట్లో రోజుకు సగటున ఎన్ని సమోసాలు అమ్ముడుపోతున్నాయో తేల్చమంది ఇంటి ఓనరు రాజమ్మ పిన్ని. ఆఫీసు కంప్యూటరు ఇంటికి తెచ్చి, ఆవిడ చెప్పిన అంకెలన్నీ స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కించాను. తెల్లవాళ్లకే కాక ఈ దేశంలో అందరికీ ఓటొచ్చిన మొదటి ఎన్నిక పోయిన నెల్లోనే జరిగింది; కొట్టు మూసిన ఆ ఓటు రోజుకు సున్నా పెట్టించింది. సగటు పడిపోయింది.

"ఆ గడి ఖాళీగా వదిలేద్దాం పిన్నీ."

"ఖాళీ వద్దు బాబూ. ఆ దినం నేను ఊరికే లేను. పొద్దున్నించీ లైన్లో నిలబడితిని. నా బతుకులో ఫస్ట్ ఓటు."

నాకు విసుగొచ్చింది. ఆవిడ మాత్రం వంగి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, సున్నా ఉన్నచోట ఇంగ్లిష్‌లో ‘ఓటు’ అని కొట్టింది.

మాటల్ని కంప్యూటరు సగటులో కలపదు. సరైన అంకె దానంతటదే వచ్చేసింది.

ఆ మాట చెరపడానికి నాకు చేతులు రాలేదు. రేపు ఆఫీసులో ఎవరైనా చూస్తే ఏమంటారో. చూడనీ.