అంచు ఎరుపు

ఉమా,

బడి నుంచి రాంగనే ఇది చదువు. తమ్ముని మూత్రంల మల్ల నెత్తురు పడుతుంది. వాన్ని హైదరాబాద్ దవాఖానకు తీస్కపోతున్న. నాయిన నూలు తేను పోయిండు, ఫోన్ ఎత్తుతలేడు. రాంగనే బస్సెక్కుమను. ఫ్రిజ్‌ల మందు డబ్బా మర్చిపోయిన, ఆయనకిచ్చి పంపు.

డాక్టర్ ఎప్పుడూ ఏ రంగుల వస్తుందని అడుగుతడు, నాకు చెప్పరాదు. అందుకే మూత్రం సీసాను మగ్గం కాడ పట్టి చూసిన. మొన్న గులాబి పోగుకు కలిసింది, ఇయ్యాల అంచు ఎరుపుకు కలిసింది. డాక్టర్‌కు చూపియ్య ఆ పట్టుపోగు జానెడు తెంపి కొంగుకు కట్టుకున్న. నాయినను గుస్స చేయొద్దను.

తమ్మునికిచ్చిన నీ ఎముకల మూలుగే మంచిది కాదేమోనని నువ్వు అమ్మమ్మతోని అనంగ విన్న. ఎవరన్నరే నీకు? నీ మూలుగ వానికి మంచిగనే పట్టింది. కిడ్నీలను తింటున్నది వైరస్. అది చానమంది ఒంట్ల ఊకనే పండుకొని ఉంటదట. మందులతోని వాని బలం తగ్గంగనే లేచిందట.

అన్నం వండిపెట్టిన, తిను.

అమ్మ

కిడ్నీలు పాడైతే మార్చాల్సి వస్తదేమో అన్నరు. ఈసారి నాది ఇస్త. నిన్ను మల్ల అడుగనియ్య, ఎవ్వరిని.