ఆదివారం ఫ్రీస్టైల్

పెర్సిస్ తల్లీ, ప్రభువు నామంలో అమ్మ దీవెనలు.

ఫోన్‌లో చెబుదామంటే మీ నాన్నగారు పక్కనుంచి కదలరు. అందుకే ఇన్నాళ్ళకు కలం పట్టాను.

ఆదివారం ఆరాధనకు రాకుండా పోటీకి వెళ్ళావని ఆయన నీతో మాట్లాడటం లేదని, ఇక ఈత మానేస్తానని అన్నావు. మానకు. కొల్లేటిలో నీకు ఈత నేర్పిన మనిషి ఎంతసేపు బిగుసుకుంటాడు? మొన్న ఆ ఆదివారమే చర్చిలో సాక్ష్యాలు చెప్పే సమయంలో ఆయనే లేచారు.

"అయ్యగారండీ, ఈ పూట ప్రసంగం కాస్త కుదించండి. పదకొండింటికి మా అమ్మాయి ఫైనల్లో ఈదుతుందండీ."

"వెళ్ళొద్దన్నది తమరే కదండీ?" అన్నారు పాస్టరు గారు.

"అన్నానండీ. వెళ్ళిపోయింది కదండీ, ఇప్పుడు ఓడిపోవాలని ప్రార్థించమంటారా?"

సంఘమంతా నవ్వేసింది. పదకొండింటికి అందరం నీకోసం మోకరించాం. ఆయన ప్రార్థనే అన్నిటికన్నా గట్టిగా వినిపించింది.

నువ్వు గెలిచిన పతకంతో ఇంటికొచ్చినప్పుడు ఆయన ముఖం ముడుచుకునే ఉంటారు. ఏమీ ఎరగనట్టు ఆ పతకం ఆయన చేతిలో పెట్టు. ఈ కాగితాలు దాచుకో, ఆయనకు మాత్రం చూపకు.

మీ అమ్మ