పదహారు వందల వాక్యాలు

అక్కకు తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ నాన్నా క్షేమం. ఆయన ఆపరేషన్ గాయం మానింది, మెత్తగా చేసి పెడితే కాస్త తింటున్నారు. నువ్వూ బావా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మొన్న నువ్వు ఫోను చేసినప్పుడు "పని జరుగుతోంది" అని నసిగానంటే, నాన్న పక్కనే ఉన్నారు. మాట పోయింది గానీ ఆయనవి పాముచెవులు. ఇప్పుడు ఫోను చేద్దామంటే నా నోరు పెగలడం లేదు.

పోయిన ఫైళ్లు వెనక్కి తెచ్చే సాఫ్ట్‌వేర్ ఏది ఎంచుకున్నావని నీ ఉత్తరంలో అడిగావు. ఏది వదిలాను గనక! ఒకటి ఉచితమంది. ఇంకోటి వందకు వంద గ్యారంటీ అంది. మూడోది నువ్వు చేసిన నాన్న గొంతు రికార్డింగులన్నీ పేర్లతో సహా చూపించి పక్కన పచ్చ టిక్కులు పెట్టింది. కుర్చీలోంచి లేచి గెంతాను. తెరిస్తే ఒక్కదాంట్లోనూ నాన్న లేరు, బరబరమని చప్పుడు. నాలుగోదీ అంతే.

ఆపరేషన్‌లో గొంతు తీసేసే ముందు తొమ్మిది రోజులు ఆయన ఎదురుగా కూర్చుని పదహారు వందల వాక్యాలు చదివించి రికార్డు చేశావు, టైపు చేస్తే ఆ గొంతుతోనే మాట్లాడే యంత్రం చేయించాలని. "రెండో కాపీ తియ్యరా" అన్నావు. రేపు, రేపు అన్నాను. డిస్కులో జాగా లేదని పాత ఫోల్డర్లు తీసేస్తూ ఆ రికార్డింగుల ఫోల్డరునీ ఊడ్చేశాను. ఇంతవరకూ నీకు తెలుసు.

తెలియనిది ఇప్పుడు చెబుతున్నాను. రిపేరు షాపులో అడగమన్నావు కదా, అడిగాను. కానీ ఆ నాలుగూ అయ్యాక.

"ఇవన్నీ ఎక్కడ ఎక్కించారు?" అన్నాడు షాపాయన.

"ఇందులోనే."

తల పట్టుకున్నాడు. "తీసేసినంత మాత్రాన ఫైలు పోదండీ. దానిమీద ఇంకోటి పడేదాకా అక్కడే ఉంటుంది. కంప్యూటర్ కట్టేసి తెచ్చుంటే దాదాపు అన్నీ వచ్చేవి. వెతకడానికి తెచ్చిన సరుకంతా మీరు వాటి నెత్తినే దింపారు."

చెరిపినప్పుడు పోలేదక్కా. నేను వెతికినందుకు పోయింది. ఆఫీసులో అందరి కంప్యూటర్లూ బాగుచేసే మొనగాణ్ణి కదా, ఇంకొకణ్ణి అడగాలంటే నామోషీ.

నాన్న ఆ యంత్రం కోసం రోజూ ఒంటివేలితో టైపింగ్ నేర్చుకుంటున్నారు. "గొంతు వచ్చాక ఎదుటివాళ్లు నా జవాబు కోసం కాచుకోకూడదు" అని పలక మీద రాసి చూపించారు.

ఇక దాచలేక ఈ పొద్దున చెప్పేశాను. ఆయన వేలు ఆగిపోయింది. మొహం ఎర్రబడింది. అలవాటుకొద్దీ నన్ను తిట్టడానికి నోరు తెరిచారు. పెదవులు కదిలాయి, మెడ మీది రంధ్రంలోంచి గాలి బుస్సుమంది. తిట్లు తినడానికి తల వంచుకుని నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను. ఒక్క తిట్టూ రాలేదు.

ఇట్లు,
నీ తమ్ముడు